మన పేర్లు పెట్టుకున్న కాపలా ఓడలు



కాన్వాయ్ అనే మాట మనకు కొత్త కాదు. రాజీవ్ రహదారి మీద మంత్రిగారు వస్తున్నారంటే సుల్తానాబాద్‌లో ముందు పోలీసు జీపు సైరన్ వినబడుతుంది. కూరగాయల బండ్లు పక్కకు జరుగుతాయి. ఆటోలు ఆగుతాయి. వడ్ల లారీలు రైస్ మిల్లు గేటు దగ్గరే నిలబడిపోతాయి. పదో పన్నెండో కార్లు దుమ్ము లేపుకుంటూ పోతాయి. ఆ కాన్వాయ్‌లో వేగం పెద్దాయనది, ఆగవలసింది మనం.

సముద్రం మీద కాన్వాయ్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ కాపలా దొరికేది బొగ్గు ఓడకు, గోధుమల ఓడకు, తుప్పు పట్టిన పాత సరుకుల ఓడకు. ఫిరంగులున్న యుద్ధనౌక తన వేగాన్ని తగ్గించుకుని ఆ ముసలి ఓడ పక్కన నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలా కాపలా కాసిన ఓడల్లో రెండింటికి మన ప్రాంతం పేర్లు ఉన్నాయి. ఒకటి 'నిజాం'. ఇంకొకటి 'గోదావరి'. సముద్రం ముఖం చూడని మన మెట్ట నేల పేర్లు అంత దూరం ఎలా వెళ్ళాయో, అక్కడ ఏం పని చేశాయో ఈ వారం చెప్పుకుందాం. అందులో మన సంఘానికి పనికొచ్చే మాట ఒకటి ఉంది.

గుంపుగా వెళ్ళడం ఎలా మొదలైంది

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు బ్రిటన్‌కు తిండి, సామాను తెచ్చే ఓడల మీద పడ్డాయి. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే అన్ని దేశాల ఓడలూ కలిపి ఎనిమిది లక్షల టన్నులకు పైగా సముద్రం పాలయ్యాయి. అప్పటిదాకా ఎక్కువ ఓడలు దేని దారిన అది వెళ్ళేవి. గుంపుగా పంపుదామంటే నౌకాదళం పెద్దలు ఒప్పుకోలేదు. గుంపు అయితే శత్రువుకు సులువుగా కనబడుతుందన్నారు. సరుకుల ఓడల కెప్టెన్లకు వరుస తప్పకుండా నడపడం చేతకాదన్నారు.

నష్టం భరించలేక చివరికి గుంపుగా పంపి చూశారు. ఫలితం వేరుగా వచ్చింది. సముద్రం ఎంత పెద్దదంటే, నలభై ఓడలు దగ్గర దగ్గరగా వెళ్ళినా దూరం నుండి చూసేవాడికి ఒక్క ఓడ కంటే మరీ ఎక్కువేమీ కనబడవు. అవే నలభై ఓడలు విడివిడిగా వెళ్తే పొంచి ఉన్న జలాంతర్గామికి ఈ రోజు ఒకటి, రేపు ఒకటి దొరుకుతూనే ఉంటాయి. గుంపుగా వెళ్తే చాలాసార్లు ఒక్కటీ దొరకదు. ఒకవేళ గుంపు కనబడినా, కొట్టాలంటే కాపలా ఓడలు ఉన్న చోటికే అది రావాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఈ పద్ధతి బాగా కుదురుకుంది. ముప్పై, నలభై, ఒక్కోసారి అరవై ఓడలు వరుసలు కట్టేవి. శత్రువు ఎక్కువగా పక్కల నుండి వస్తాడు కాబట్టి గుంపు పొడవు తగ్గించి వెడల్పు పెంచేవారు. నూనె ఓడలను, మందుగుండు మోసే ఓడలను వీలైనంత వరకు మధ్యలో ఉంచేవారు. రాత్రి దీపం వెలగకూడదు. రేడియోలో మాట్లాడకూడదు. సరుకుల ఓడలన్నిటికీ పెద్దగా ఒక కమొడోర్ ఉండేవాడు. చాలాసార్లు ఆయన పదవీ విరమణ చేసి, యుద్ధం కోసం మళ్ళీ వచ్చిన ముసలి అడ్మిరల్. చుట్టూ తిరిగే కాపలా ఓడల నాయకుడు వయసులో, హోదాలో ఆయన కంటే చిన్నవాడు. అయినా గుంపు క్షేమం విషయంలో ఆ చిన్నవాడి మాటే చెల్లేది. పెద్దవాడు తలవంచి వినేవాడు.

ఇక వేగం. అట్లాంటిక్ మీద నెమ్మది కాన్వాయ్‌లు గంటకు ఏడు నాట్లు, అంటే సుమారు 13 కిలోమీటర్లు నడిచేవి. మన ఊరి నుండి పెద్దపల్లికి సైకిల్ తొక్కేవాడు దాన్ని దాటిపోతాడు. నీటి మీద తేలి వచ్చే జలాంతర్గామి గంటకు ముప్పై కిలోమీటర్లు దాటి వెళ్ళేది. వేటగాడు అంత వేగంగా ఉంటే వీళ్ళు ఇంత నెమ్మదిగా ఎందుకు నడిచారు? కాన్వాయ్ వేగం అంటే అందులో అన్నిటికంటే నెమ్మది ఓడ వేగం కాబట్టి. దాన్ని వదిలేస్తే మిగతావి త్వరగా చేరవచ్చు. కానీ దాన్ని వదిలేస్తే అది ఇక కాన్వాయ్ కాదు.

ఇంజను చెడిపోయో, మంచులో దారి తప్పో వెనకబడిన ఓడకే అందరికంటే ఎక్కువ అపాయం. అలా మునిగిన ఓడలు లెక్కలేనన్ని.

మన గొల్ల కురుమ సోదరులకు ఈ సంగతి ఏ నౌకాదళమూ నేర్పనక్కరలేదు. మంద తోలుకుని వెళ్ళేటప్పుడు ఒకరు ముందు నడిస్తే ఒకరు తప్పకుండా వెనక నడుస్తారు. కుంటి గొర్రె అడుగును బట్టే ఆ పూట ఎంత దూరమో తేలుతుంది. ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు కూడా ఇదే చేశాడు. అన్న ఏశావు నాలుగు వందల మందితో వచ్చి కలిసి పోదామన్నాడు. పిల్లలు పసివాళ్ళు, మందలో పాలిచ్చే తల్లులున్నాయి, ఒక్క రోజు తరిమితే చచ్చిపోతాయి, నువ్వు ముందు వెళ్ళు, నేను వీళ్ళ నడకను బట్టి వస్తానని యాకోబు బదులు చెప్పాడు. మోసగాడని పేరు పడ్డ మనిషి కాపరి అయ్యాడని మనకు ఆ మాటలో తెలుస్తుంది.

నిజాం పేరున్న ఓడ

ఆనాడు మన సుల్తానాబాద్ నిజాం రాజ్యంలో కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా. యుద్ధం వచ్చినప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారికి భారీగా విరాళాలు ఇచ్చాడు. ఆ సాయానికి గుర్తుగా ఒక డెస్ట్రాయర్‌కు నిజాం అని పేరు పెట్టారు. డెస్ట్రాయర్ అంటే వేగంగా పోయే యుద్ధనౌక. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారై 1940 జూలైలో నీటిలోకి దిగింది. 1941 జనవరిలో ఆస్ట్రేలియా నావికులు దాన్ని నడపడానికి తీసుకున్నారు.

నిజాం ఇచ్చిన సొమ్ము ఎక్కడిది? ఆయన సంపదకు మూలం నేల. ఆ నేలను దున్నినవాళ్ళు, శిస్తు కట్టినవాళ్ళు, దొరల గడీల్లో వెట్టి చేసినవాళ్ళు మన తాత ముత్తాతలు. తమ చెమటలో ఒక చుక్క మధ్యధరా సముద్రంలో ఓడై తిరుగుతోందని వాళ్ళకు ఎవరు చెప్తారు?

ఆ ఓడ 1941 మేలో క్రీట్ ద్వీపంలో చిక్కుకుపోయిన సైనికులను ఎక్కించుకుని వచ్చింది. ముట్టడిలో ఉన్న టోబ్రుక్ రేవుకు చీకటిలో మనుషులను, సామాను చేరవేసింది. 1942 జూన్‌లో ఆకలితో ఉన్న మాల్టా ద్వీపానికి తిండి తీసుకెళ్ళే కాన్వాయ్‌కు కాపలాగా అలెగ్జాండ్రియా వైపు నుండి బయలుదేరింది. ఆ ప్రయాణం సాగలేదు. విమానాల దాడులు, టార్పెడో పడవల దాడులు, ఎదురుగా వస్తున్న ఇటలీ యుద్ధనౌకలు. చివరికి కాన్వాయ్ మొత్తం వెనక్కి తిరగవలసి వచ్చింది. నిజాంతో కలిసి తిరిగే తోటి ఓడ 'నెస్టర్' ఆ ప్రయాణంలోనే పోయింది.

1945 ఫిబ్రవరిలో, యుద్ధం ముగింపుకు వచ్చాక, ఆస్ట్రేలియా నైరుతి తీరంలో ఒక పెద్ద అల ఈ ఓడను పక్కకు ఒరిగించింది. పది మంది నావికులు సముద్రంలో కొట్టుకుపోయారు. బాంబులు తప్పించుకున్నవాళ్ళను నీళ్ళు తీసుకెళ్ళాయి. కాపలా కాసేవాడికి కూడా అపాయం ఉంటుంది. ఈ మాట తర్వాత మళ్ళీ మనకు అక్కరకు వస్తుంది.

కాపలా లేని ఏప్రిల్

ఇప్పుడు మన తెలుగు తీరానికి వద్దాం. కోస్తా జిల్లాల నుండి, ముఖ్యంగా ఉత్తర కోస్తా నుండి, వేలాది తెలుగువాళ్ళు రంగం వెళ్ళేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఇవాళ మన ఇళ్ళలో దుబాయ్ మాట ఎలా వినబడుతుందో, ఆ రోజుల్లో అక్కడ రంగం మాట అలా వినబడేది. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కి వెళ్ళి, మిల్లుల్లో, రేవుల్లో మోతపని చేసి, నాలుగు రూపాయలు పంపేవారు.

1941 డిసెంబర్ 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశానికి వచ్చారు. అలా బయలుదేరిన భారతీయులు లక్షల్లో ఉన్నారు. దారిలో ఆకలికి, జబ్బులకు రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

అప్పటికి కలకత్తా రేవు సరుకుల ఓడలతో నిండిపోయింది. శత్రువు అక్కడికి వస్తే అన్నీ ఒక్కసారే పోతాయని భయపడి, తీరం వెంబడి దక్షిణానికి వెళ్ళిపొమ్మని వాటిని పంపించారు. కానీ వాటి వెంట పంపడానికి కాపలా ఓడలు లేవు. ఉన్న కొద్ది యుద్ధనౌకలూ వేరే చోట్ల ఉన్నాయి. ఓడలు విడివిడిగా, చిన్న చిన్న గుంపులుగా, తోడు లేకుండా బయలుదేరాయి.

జపాను వైస్ అడ్మిరల్ ఒజావా 'ర్యూజో' అనే విమానవాహక నౌకతో, క్రూజర్లతో, డెస్ట్రాయర్లతో బంగాళాఖాతంలోకి వచ్చాడు. 1942 ఏప్రిల్ 6 ఉదయం తన ఓడలను మూడు జట్లుగా విడదీసి తీరం వెంబడి వేట మొదలుపెట్టాడు. మాల్డా, ఇందోరా, గందారా, దర్దానస్, ఆటోలైకస్. ఇవన్నీ ఆ రోజు పోయిన ఓడల పేర్లు. కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకుల ఓడలు మునిగాయి. వాటి బరువు లక్ష టన్నులు దాటింది. ప్రాణాలతో మిగిలినవాళ్ళు చిన్న పడవల్లో ఒడిశా తీరానికి చేరారు. అదే రోజు ర్యూజో విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం మొదటిసారి తెలుగు నేల మీద పడిన రోజు అది. భయంతో జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్ళకు తరలిపోయారు.

ఆ ఏడాదే జూలై 4న ఉత్తర ధ్రువం వైపు రష్యాకు వెళ్తున్న పీక్యూ 17 అనే కాన్వాయ్‌కు, పెద్ద జర్మన్ యుద్ధనౌక వస్తోందన్న అనుమానంతో, ఎవరి దారిన వాళ్ళు చెదిరిపొమ్మని లండన్ నుండి ఆజ్ఞ వెళ్ళింది. ఆ పెద్ద నౌక వాళ్ళ దాకా రానేలేదు. కానీ చెదిరిన ఓడలను విమానాలు, జలాంతర్గాములు ఒక్కొక్కటిగా పట్టుకున్నాయి. మూడింట రెండు వంతులు మునిగిపోయాయి.

ఇక్కడ మనం ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఆ ఏప్రిల్‌లో రెండు చిన్న కాపలా ఓడలు వెంట ఉంటే ఒజావా క్రూజర్లను ఆపేవా? ఆపేవి కావేమో. మునిగిన ఓడల్లోని మనుషులు తప్పు చేసినందుకు మునగలేదు, ప్రార్థన తక్కువై మునగలేదు. కష్టం వచ్చిన ఇంటి ముందు నిలబడి కారణాలు లెక్కపెట్టే యోబు స్నేహితుల పని మనకు వద్దు. అయితే మరి చిన్న కాపలా వల్ల లాభం ఏమిటి? దానికి జవాబు అదే ఏడాది నవంబరులో దొరికింది.

ఒక చిన్న ఓడ, ముప్పై రెండు గుండ్లు

బెంగాల్ అనేది రాయల్ ఇండియన్ నేవీకి చెందిన చిన్న కొర్వెట్. సిడ్నీలో తయారై 1942 ఆగస్టులో పనిలో చేరింది. పొడవు యాభై ఏడు మీటర్ల లోపు. దానికి పెట్టవలసిన పెద్ద ఫిరంగి దొరక్క, చిన్నది ఒకటి బిగించి పంపారు. నావికుల్లో ఎక్కువమంది మన భారతీయులు. కమాండర్ పేరు విల్సన్.

నవంబరులో ఈ ఓడ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ నుండి 'ఒండినా' అనే డచ్చి నూనె ఓడకు తోడుగా బయలుదేరింది. ఒండినా పర్షియా సింధుశాఖలోని అబదాన్‌కు నూనె నింపుకోవడానికి వెళ్తోంది కాబట్టి ట్యాంకులు ఖాళీగా ఉన్నాయి. దాని వెనక భాగంలో ఒక ఫిరంగి ఉంది. గుండ్లు ముప్పై రెండే ఉన్నాయి. కెప్టెన్ పేరు విల్లెమ్ హోర్స్‌మన్. ఒక సరుకుల ఓడ, ఒక కాపలా ఓడ. కాన్వాయ్‌లలో ఇంతకంటే చిన్నది ఉండదు.

నవంబర్ 11న, కోకోస్ దీవులకు నైరుతిగా నడి సముద్రంలో రెండు పెద్ద ఓడలు ఎదురొచ్చాయి. హోకోకు మారు, ఐకోకు మారు. ఒక్కొక్కటి పది వేల టన్నుల పైచిలుకు. పెద్ద ఫిరంగులు, టార్పెడోలు, చిన్న విమానాలు ఉన్న జపాను దాడి నౌకలు. బెంగాల్ బరువు వాటిలో ఒక్కదాని ముందు పదో వంతు కూడా లేదు.

విల్సన్ ఒండినాను తప్పించుకు పొమ్మని చెప్పి, తన ఓడను శత్రువు మీదికి తిప్పాడు. గెలుస్తానని తిప్పలేదు. తనను కొట్టే లోపల నూనె ఓడకు కొంత సమయం దొరుకుతుందని తిప్పాడు. ఒండినా కూడా తన ముప్పై రెండు గుండ్లతో కాల్చడం మొదలుపెట్టింది. ఒక గుండు హోకోకు మారు వెనక భాగానికి తగిలి పెద్ద పేలుడు జరిగింది, ఆ దాడి నౌక మునిగిపోయింది. ఆ గుండు ఒండినాదే అని ఎక్కువమంది అంటారు, బెంగాల్‌ది అన్నవాళ్ళూ ఉన్నారు. మనకు ఆ పంచాయితీ అక్కరలేదు. ఇద్దరూ నిలబడ్డారు.

బెంగాల్‌కు మందుగుండు దాదాపు అయిపోయింది. వెనక భాగానికి దెబ్బ తగిలింది. పొగ కమ్మించి పక్కకు తప్పుకుంది. ఒండినాకు కూడా గుండ్లు అయిపోయాయి. కెప్టెన్ హోర్స్‌మన్ ఓడ వదిలేయమని ఆజ్ఞ ఇచ్చాడు, ఆ వెంటనే వంతెన మీద గుండు తగిలి చనిపోయాడు. నావికులు పడవల్లోకి దిగారు. ఐకోకు మారు టార్పెడోలతో ఓడ పక్క చీల్చింది. పడవల్లోని మనుషుల మీద కూడా కాల్పులు జరిపింది, కొందరు చనిపోయారు. ఇక ఓడ మునిగిపోతుందనుకుని, తమ వాళ్ళను నీళ్ళలో నుండి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కానీ ఒండినా మునగలేదు. ఖాళీ ట్యాంకులు దాన్ని తేల్చాయి. మొదటి ఆఫీసరు రెహ్‌వింకెల్ పడవల్లోని వారిని కూడగట్టి తిరిగి ఓడ ఎక్కించాడు. మంటలు ఆర్పారు. ఒక పక్కకు ఒరిగిన ఓడను సరిచేశారు. ఇంజను నడిచింది. వారం రోజులకు వాళ్ళు మళ్ళీ ఫ్రీమాంటిల్ చేరారు.

అటు బెంగాల్ తన దెబ్బలతో డీగో గార్షియా దీవికి చేరింది. అందులో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. కానీ తాము కాపాడవలసిన ఓడ పోయిందనే దుఃఖంతో వాళ్ళు రేవు చేరారు. అది సముద్రం అవతల బతికి ఉందని వాళ్ళకు వెంటనే తెలియదు.

ప్రియులారా, ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. కొడుకు కోసం ఏళ్ళ తరబడి మోకాళ్ళూనిన తల్లులు మన సంఘంలో ఉన్నారు. చేయగలిగినదంతా చేసి, ఫలితం కనబడక, ఓడ మునిగిపోయిందనుకుని ఒడ్డు చేరినవాళ్ళు ఉన్నారు. కాపలా కాసినవాడికి తాను కాచింది ఏమైందో అన్నిసార్లూ కనబడదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ ముక్కలైంది. సరుకు పోయింది. కానీ అందులోని 276 మంది, ఈత వచ్చినవాళ్ళు ఈదుకుంటూ, రానివాళ్ళు చెక్కలు పట్టుకుని, ఒడ్డుకు చేరారు. దేవుడు కాపాడడం అంటే ఓడకు గీత కూడా పడకపోవడమని అక్కడ రాయలేదు.

గోదావరి

రాయల్ ఇండియన్ నేవీ తన కొత్త కాపలా ఓడలకు మన నదుల పేర్లు పెట్టింది. సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి. స్లూప్ అనే రకం ఓడలు ఇవి. జలాంతర్గాములను వెతికి, నీటిలో పేలే బాంబులు వేసి తరమడం, విమానాలను కాల్చడం వీటి పని. మంథని దగ్గర, రామగుండం దగ్గర మనం చూసే నది పేరుతో తయారైన ఓడ 1943లో ఇంగ్లండులో పనిలో చేరింది. తర్వాత హిందూ మహాసముద్రంలో కాన్వాయ్‌ల వెంట తిరిగింది.

1944లో జర్మన్ జలాంతర్గాములు ఆఫ్రికా తూర్పు తీరం దాకా వచ్చి ఓడలను ముంచుతున్నాయి. యూ 198 అనేది ఆగస్టు మొదటి వారంలో రెండు సరుకుల ఓడలను ముంచింది. దాన్ని వెతుకుతూ వెళ్ళిన జట్టులో గోదావరి ఉంది. ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర 'ఫైండ్‌హార్న్' అనే బ్రిటిష్ ఓడ, గోదావరి కలిసి ఆ జలాంతర్గామిని ముంచాయి. అందులోని 66 మందిలో ఒక్కరూ బతకలేదు. వాళ్ళకూ ఇళ్ళలో తల్లులున్నారు. శత్రువు చావును పండుగ చేసుకోకుండానే, ఆ సముద్రం మీద వెళ్ళే సరుకుల ఓడలకు ఒక భయం తగ్గిందని మనం చెప్పుకోవచ్చు.

అయితే గోదావరి బతుకులో ఆ రోజు ఒక్కటే. మిగతా రోజుల్లో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అదే కాపలా ఓడల అసలు చరిత్ర. బయలుదేరడం, పక్కన నడవడం, రాత్రంతా వినడం, రేవు చేర్చడం, మళ్ళీ బయలుదేరడం. శత్రువును చంపడం కంటే కాన్వాయ్ క్షేమంగా, వేళకు చేరడమే ముఖ్యమని కాపలా ఓడలకు ఆదేశం ఉండేది. ఒక జలాంతర్గామి కనబడగానే దాని వెంట పడి దూరం పోతే, వదిలిన చోటు ఖాళీ అవుతుంది, రెండో జలాంతర్గామి ఆ సందులోంచి దూరుతుంది. పేరు తెచ్చుకోవాలనే ఆశను చంపుకుని వరుసలో తిరిగి నిలబడేవాడే మంచి కాపలాదారు. ఆయన చేసిన మేలు చేరిన ఓడల్లో ఉంటుంది. చేరిన ఓడ గురించి పేపర్లో రాయరు.

యుద్ధం అయ్యాక దేశం రెండయింది. ఓడలను కూడా పంచుకున్నారు. కృష్ణ, కావేరి, జమున, సట్లెజ్ మనకు వచ్చాయి. నర్మద, గోదావరి పాకిస్తానుకు వెళ్ళాయి. మన గోదావరి పేరు మారి 'సింధ్' అయింది. చాలా కాలానికి, 1983లో, మన దేశంలోనే కట్టిన ఒక యుద్ధనౌకకు మళ్ళీ గోదావరి అని పేరు పెట్టారు. అది 2015 దాకా పని చేసింది.

పేర్ల పుస్తకం

ఇంతవరకు ఓడల పేర్లు చెప్పుకున్నాం. వాటి అడుగున, బాయిలర్ల దగ్గర బొగ్గు వేసినవాళ్ళ సంగతి చెప్పకుండా ముగించకూడదు. బ్రిటిష్ సరుకుల ఓడల్లో వేలాది మంది భారతీయులు పని చేశారు. లాస్కర్లు అనేవారు వాళ్ళను. తెల్లవాళ్ళ కంటే జీతం చాలా తక్కువ. ఓడ అడుగున పని కాబట్టి టార్పెడో తగిలితే మెట్లు ఎక్కి పైకి వచ్చే వేళ కూడా దొరకదు. ఆ యుద్ధంలో సముద్రంలో పోయిన సుమారు 6,000 మంది భారతీయ సరుకుల ఓడల నావికులకు, 400 మందికి పైగా నౌకాదళం వారికి ముంబైలో ఒక స్మారకం ఉంది. అది ఒక పుస్తకం. వాళ్ళకు సముద్రం తప్ప వేరే సమాధి లేదు కాబట్టి పేర్లు రాసి పెట్టారు. అదే పేర్లతో ఇంకొకటి చిట్టగాంగ్‌లో ఉంది.

పుస్తకంలో పేరు రాయబడడం అంటే ఏమిటో విశ్వాసులకు వివరించనక్కరలేదు. మనుషులు రాసిన పుస్తకంలో తప్పిపోయిన పేర్లు దేవుని లెక్కలో తప్పిపోవు.

మన వరుసలో వెనక ఎవరున్నారు

ఇప్పుడు మన సంగతి. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. దుబాయ్, మస్కట్, దోహా, కువైట్. ఆనాడు ఒండినా చేరాలనుకున్న సముద్రం ఒడ్డునే ఇవాళ మన పిల్లలు ఇటుకలు మోస్తున్నారు, క్రేన్లు నడుపుతున్నారు. ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల నుండి సరుకుల ఓడలను కాచడానికి 2008 నుండి మన నౌకాదళం తిరుగుతూనే ఉంది. ఓడలకు కాపలా ఉంది. మన పిల్లలకు?

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో మోషే అమాలేకీయులు చేసిన పనిని మరిచిపోవద్దని ప్రజలకు చెప్తాడు. వాళ్ళు ముందున్న బలవంతుల మీద పడలేదు. అలసిపోయి, సొమ్మసిల్లి, వెనకబడినవాళ్ళ మీద పడ్డారు. జలాంతర్గామి పద్ధతి కూడా అదే. అప్పుల వాడి పద్ధతి అదే, దొంగ ఏజెంటు పద్ధతి అదే, మందు సీసా పద్ధతి అదే. గుంపులో ఉన్నవాణ్ణి ముట్టుకోవు. ఫోను ఎత్తడం మానేసినవాణ్ణి, అకామా అయిపోయి గదిలో దాక్కున్నవాణ్ణి, ఇంటికి డబ్బు పంపలేక సిగ్గుపడి మాట్లాడనివాణ్ణి చూసుకుని పట్టుకుంటాయి.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు నడిచేటప్పుడు అందరి వెనక నడిచే పని దాను గోత్రానికి ఇచ్చారు. ముందు నడిచే యూదాకు కనబడే పేరు ఉంది. వెనక నడిచే దానుకు దుమ్ము ఉంది, రాలిపోయినవాళ్ళను ఏరుకునే పని ఉంది. సంఘంలో పాట పాడేవాళ్ళు, వాక్యం చెప్పేవాళ్ళు, మైకు పట్టుకునేవాళ్ళు ముందు వరుస. వెనక వరుసలో ఎవరు నడుస్తున్నారు?

కొందరు అడుగుతుంటారు: నెమ్మదివాళ్ళ కోసం ఆగితే సంఘం ఎప్పుడు ఎదుగుతుంది? ఈ చరిత్ర చెప్పే జవాబు సూటిగా ఉంది. నెమ్మది ఓడలో కూడా సరుకు ఉంది. ఎక్కడో ఒక ఊరు ఆ గోధుమల కోసం ఎదురు చూస్తోంది. అది చేరితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. దాన్ని వదిలేసి త్వరగా చేరిన కాన్వాయ్, చేరవలసినంత చేరలేదు.

అందుకని ఈ వారం ఒక పని చేద్దాం. ప్రతి కుటుంబం తమకు తెలిసినవాళ్ళలో వెనకబడిన ఒక్కరి పేరు రాసుకోవాలి. మూడు నెలలుగా మాట్లాడని మస్కట్ తమ్ముడు కావచ్చు. ఆదివారం రావడం మానేసిన ముసలమ్మ కావచ్చు. ఇంటర్ తప్పి ఇంట్లో ముఖం చూపించని పిల్లవాడు కావచ్చు. వాళ్ళకు ఫోను చేయండి, వీలైతే ఇంటికి వెళ్ళండి. ఎందుకు రాలేదని నిలదీయడానికి వద్దు, బోధ చేయడానికి వద్దు. ఏం తిన్నావని అడగండి. పక్కన కూర్చోండి. ఒక సాయంత్రం వాళ్ళ వేగంతో నడవండి. మీ దగ్గర పెద్ద ఫిరంగులు లేకపోవచ్చు. బెంగాల్ దగ్గరా లేవు.

గల్ఫ్‌లో ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ క్యాంపులో, మీ పక్క మంచంలో కూడా ఒక ఒంటరి ఓడ ఉండవచ్చు. అతనిది మన సంఘం కాకపోవచ్చు, మన భాష కూడా కాకపోవచ్చు. కాపలా ఓడ జెండా చూసి కాపలా కాయలేదు. బెంగాల్ భారతదేశపు ఓడ, ఒండినా డచ్చివారిది.

ఇంటి నుండి పని చోటికి, పని చోటు నుండి ఇంటికి మీ ప్రయాణాలను ప్రభువు కాచును గాక. ముందు నడిచేవారికి ఓపికను, వెనక నడిచేవారికి బలమును ఆయన అనుగ్రహించును గాక. ఆమేన్.